కటంగా ఇప్పుడు ఒకటి కాదు, నాలుగు

సంపాదకులకు,

బ్యాటరీల కోబాల్ట్ గురించి రాసేటప్పుడు ‘కాంగోలోని కటంగా రాష్ట్రం’ అనడం మన పత్రికల్లో ఇంకా పోలేదు. ఆ రాష్ట్రం 2015లోనే రద్దయింది. డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో 11 రాష్ట్రాలు 26 అయినప్పుడు కటంగా నాలుగు ముక్కలైంది: ఓ-కటంగా (రాజధాని లుబుంబాషి), లువాలబా (కోల్వేజి), ఓ-లొమామి (కమీనా), టాంగన్యీకా (కలేమీ).

ఊరిని బట్టి పోల్చుకోవచ్చు. కోల్వేజి, ఫుంగురూమే గనులు లువాలబావి. లికాసి, కిపుషి, లారీలు జాంబియాలోకి దాటే కసుంబలేసా ఓ-కటంగాలో ఉన్నాయి. లిథియం వార్తల్లో వినబడే మనోనో టాంగన్యీకాది. ఈ చివరి పేరుతో మరీ జాగ్రత్త: అదే పేరుతో సరస్సు ఉంది, నేటి టాంజానియా ప్రధాన భూభాగం కూడా ఒకప్పుడు ఆ పేరుగల దేశమే.

పాత పటాలతో ఇంకో చిక్కు. 1971 నుంచి 1997 దాకా కటంగా పేరు షాబా. స్వాహిలిలో రాగి అని అర్థం. 1966కు ముందు లుబుంబాషి పేరు ఎలిజబెత్‌విల్. ఐక్యరాజ్యసమితి సేనలో ఉన్న మన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా 1961 డిసెంబర్ 5న నేలకొరిగింది ఆ నగరం దగ్గరే. అంతకు ముందటేడు జులై 11న అక్కడి నాయకుడు మొయిస్ షోంబే కటంగాను వేరు దేశంగా ప్రకటించాడు. ఉత్తరాన ఉండే బలూబా జాతివాళ్లలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు, ఎదురు తిరిగారు. కాబట్టి ‘కటంగా అంతా విడిపోయింది’ అన్నది సగం నిజమే.

రాగి చరిత్రను 1906లో యూనియన్ మినియేర్ కంపెనీతో మొదలుపెట్టడం మరో పొరపాటు. శతాబ్దాల ముందే అక్కడివాళ్లు వానల్లేని నెలల్లో పచ్చటి మాలకైట్ రాయి ఏరి, పుట్టమన్నుతో కట్టిన కొలిమిలో బొగ్గుతో కలిపి పేర్చి, తిత్తులతో ఊది కరిగించేవారు. ఆ రాగిని ఇంటూ గుర్తులాంటి అచ్చుల్లో పోసేవారు. కిలో దాకా తూగే ఆ శిలువలు డబ్బుగా చెల్లేవి. షోంబే ప్రకటించిన కటంగా దేశపు జెండా మీద అలాంటివి మూడు ఉన్నాయి.

ఇక ‘హాట్ కటంగా’ అని అచ్చవుతున్న మాట. Haut అని రాసే అది ఫ్రెంచి ‘ఓ’, అంటే ఎగువ. వేడితో దానికి పనిలేదు. లుబుంబాషి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది, జూన్, జులై రాత్రుళ్లు చలి వేస్తుంది. ‘ఎగువ కటంగా’ అని రాసినా చాలు.

ఇట్లు,
భూగోళశాస్త్రం చెప్పే ఒక పాఠకుడు