ఏ పోగు కొనాలో అడిగావు కదా

చిట్టితల్లీ,

టాంపాలో ఎండలు ముదిరాయి. మీ అమ్మ మోకాలు ఫరవాలేదు. తేలికపాటి ఉప్పునీటి ఫ్లై (గాలానికి పోగులు చుట్టి చేసే చేప ఎర) కట్టడానికి ఏ సింథటిక్ పోగు కొనాలని నువ్వు అడిగి చాలా రోజులైంది. ఫోన్లో చెబుదామంటే ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను. అన్నట్టు నీ మెసేజ్ మంగళవారం పొద్దున పదకొండింటికి వచ్చింది. ఆఫీసు వేళ. సరే, కాఫీకి లేచి ఉంటావులే.

నీ గాలం కర్ర సెవెన్ వెయిట్, తేలికైనదే. దానికి తడిసి బరువెక్కే ఫ్లై కడితే భుజం పోతుంది. సింథటిక్ గొప్పతనమల్లా నీళ్ళు తాగకపోవడమే. పైకి లేపి ఒక్కసారి వెనక్కి విసిరితే నీళ్ళన్నీ రాలిపోతాయి.

చిన్నమావయ్యకి ఈ మాట ఎక్కించలేకపోయాం. ఆ ఏడు ఇక్కడి ఫోర్ట్ డిసోటో బీచికి వచ్చినప్పుడు, అత్తయ్య అల్లికల బుట్టలోంచి తెల్ల ఉన్ని దారం తీసి బొటనవేలంత లావు ఫ్లై కట్టాడు. చూడ్డానికి బాగుంది, కాదనను. మొదటి విసురు బాగానే పడింది. మడచెట్ల నీడలోంచి ఓ స్నూక్ చేప వచ్చి, చూసి, వెళ్ళిపోయింది కూడా. ఆలోగా ఉన్ని కడుపునిండా నీళ్ళు తాగి తడిసిన మేజోడులా తయారైంది. రెండోసారి లైను ముందుకు వస్తుంటే ఫ్లై కిందికి జారి సరిగ్గా మావయ్య చెవి వెనక దిగింది. గాలం ముల్లు ముందే నొక్కి ఉండబట్టి సరిపోయింది. అత్తయ్య ఇసుకలో కూలబడి నవ్వడమే, రక్తం తుడిచింది మీ అమ్మ. ఆయన మాత్రం ఇప్పటికీ గాలి వల్లేనంటాడు. మొన్న ఫోన్లో కూడా అదే పాట. ఇంకో మాట కూడా అన్నాడు, నువ్వు ఉద్యోగం మానేశావని ఎవరో చెప్పారట. నేను కొట్టిపారేశాను. అలాంటిదుంటే ముందు మాకు చెప్పదా అన్నాను.

ఇక పోగు. మీ కేప్ కాడ్ వైపు స్ట్రైపర్ చేపలు శాండ్ ఈల్స్ అనే చిన్న చేపల్ని బాగా తింటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాయవి. వాటికి సూపర్ హెయిర్ లాంటి కాస్త బిరుసు పోగు తీసుకో. కింద తెలుపు, పైన ఆలివ్, మధ్యలో ఫ్లాషబూ, అదే మెరుపు పోగులు, రెండే. కట్టాక వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అందులోంచి కిటికీ అవతలి చెట్టు కనబడాలి. కనబడకపోతే సగం పీకెయ్. న్యూజెర్సీలో బాబ్ పోపోవిక్స్ అనే పేరున్న ఫ్లై కట్టేవాడు సర్ఫ్ క్యాండీ అనే ఫ్లై కట్టింది ఇలాంటి పోగులతోనే. బ్లూఫిష్ పళ్ళకి తట్టుకోవాలని పైన ఎపాక్సీ జిగురు పోశాడు. నువ్వు యూవీ లైటుకి గట్టిపడే రెజిన్ వాడుకో, కిటికీ మాత్రం తెరిచి పెట్టుకో.

మెన్‌హేడెన్ లాంటి వెడల్పు చేపలా కట్టాలంటే ఈపీ ఫైబర్ అనే పోగు. కొద్ది పోగులే నిండుగా కనిపిస్తాయి. క్రాఫ్ట్ ఫర్ అనే కృత్రిమ బొచ్చు నీళ్ళలో భలే ఊగుతుంది గానీ, పొడుగ్గా వదిలితే గాలం వంపుకి చుట్టుకుంటుంది. ఏదైనా సరే, కత్తెర అడ్డంగా పెట్టి కోయకు. నిలువుగా పట్టుకుని కొసలు పలచన చెయ్యి.

ప్యాకెట్ మీద రాసింది నమ్మి కొనేయకు. గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి రెండు పోగులు వేసి, గాలి బుడగలు పోయేలా వేళ్ళతో నలుపు. పాలీప్రొపిలీన్ తేలుతుంది, సాంద్రత 0.9 దరిదాపు. పాలియెస్టర్ 1.38, మునుగుతుంది. లోతు తక్కువైతే ఫ్లైకి కళ్ళుగా తేలికపాటి బీడ్ చైన్ పూసలు చాలు, బరువైన సీసం కళ్ళు వద్దు. నేను మీ అమ్మ కాఫీ గ్లాసులో చేశాను. ఆ గొడవ వేరే.

చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను. చేతిలో ఒకటి ఉండగానే ఇంకోటి వెతుక్కోవాలి. బుజ్జి అన్నయ్య ఏమయ్యాడో చూశాం. ఇన్సూరెన్స్ లేకుండా ఈ దేశంలో ఒక్క రోజు కూడా ఉండకూడదు. నిన్నని కాదు, మాటవరసకి. రాత్రిపూట ఒక్కదానివే నీళ్ళలో దిగకు. వేడర్స్ (నీళ్ళలో దిగే ప్యాంటు) బెల్టు బిగించుకో. పోటు ఎప్పుడో చూసుకుని వెళ్ళు. చలికి చెవులు కప్పుకో, చిన్నప్పట్నుంచీ నీకు చెవిపోటు.

ఆలివ్, తెలుపు పోగులు, 1/0 సైజు గాలాలు, గోంగూర పచ్చడి సీసా కలిపి పార్సెల్ కట్టాను. ఆఫీసు అడ్రసుకి పంపనా, ఇంటికి పంపనా? అదొక్కటి చెప్పు.

నాన్న