పీహెచ్‌డీ విద్యార్థి కర్మాగారం మెట్లెక్కాలి

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు కలిసి పీహెచ్‌డీ శిక్షణ ఇవ్వాలన్న ఆలోచనను మనసారా సమర్థిస్తున్నాను. అయితే ఒప్పందాలపై సంతకాలు చేసుకుంటే సరిపోదు. ఫ్రాన్స్‌లో 1981 నుంచి నడుస్తున్న సిఫ్ర్ పథకంలో కంపెనీయే విద్యార్థిని మూడేళ్లు ఉద్యోగంలోకి తీసుకుంటుంది. ప్రభుత్వం కంపెనీకి ఆర్థిక సాయం చేస్తుంది. ఐరోపా సమాఖ్య ఇచ్చే పారిశ్రామిక డాక్టరేట్లలో కనీసం సగం కాలం విశ్వవిద్యాలయం వెలుపల గడపాలి.

అంత కాలం ఎందుకో బ్యాటరీల తయారీ చూస్తే తెలుస్తుంది. ప్రయోగశాలలో చిన్న రేకుపై పూసిన ఎలక్ట్రోడ్ పూత నింపాదిగా ఆరి చక్కగా అతుక్కుంటుంది. కర్మాగారంలో అదే పూత పొడవాటి రేకు మీద, వేడి గదుల గుండా పరుగెత్తుతూ ఆరాలి. పూతను పలచగా ఉంచే ద్రావణి త్వరగా ఆవిరైతే, పూతను రేకుకు అతికించే బంధక పదార్థం పైకి చేరి, అడుగున పట్టు తప్పుతుంది. ఇలాంటివి పరిశోధనకు తగని సమస్యలని తీసిపారేసే ఆచార్యులను చూస్తే బాధ కలుగుతుంది. ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపడా భౌతికశాస్త్రం ఇందులో ఉంది!

నా ఆందోళనల్లా గోప్యత గురించే. పేటెంటుకు దరఖాస్తు చేయకముందే ఫలితాలు బయటపడితే చాలా దేశాల్లో హక్కు పోతుంది కనుక, కంపెనీ కొంతకాలం ఆగమనడం న్యాయమే. ఆ గడువు ఎంతో విద్యార్థి చేరిన రోజే రాతపూర్వకంగా తేలాలి. వ్యాసాన్ని ఏళ్ల తరబడి తొక్కిపట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు. కంపెనీ మధ్యలో తప్పుకుంటే భృతిని విశ్వవిద్యాలయం కొనసాగించాలి. ఈ షరతు లేని ఒప్పందంపై ఏ ఆచార్యుడూ సంతకం చేయవద్దని నా మనవి.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు