లైసెన్స్ ఇవ్వకపోతే కారణం రాయరా?

సంపాదకుడు గారికి,

ట్రేడ్ లైసెన్స్ దరఖాస్తును ‘నిబంధనలకు విరుద్ధం’ అన్న ఒక్క ముక్కతో తోసిపుచ్చడం, షోకాజ్ నోటీసుకు (‘మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పండి’ అనే నోటీసుకు) జవాబిచ్చినా అది చదివిన ఆనవాలైనా లేకుండా లైసెన్స్ రద్దు చేయడం మన మున్సిపల్ ఆఫీసుల్లో వింతేమీ కాదు. దెబ్బతిన్న వ్యాపారుల్లో కొందరు ఆఫీసు చుట్టూ తిరుగుతూ నెలలు గడిపేస్తారు. ఇంకొందరు హైకోర్టుకెళ్తే లైసెన్స్ చేతికొస్తుందనుకుంటారు.

రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ అప్పీలు కాదు. దుకాణానికి లైసెన్స్ ఇవ్వదగునా లేదా అని జడ్జి తేల్చరు. ఆ అధికారికి అధికారం ఉందా, నోటీసు ఇచ్చారా, జవాబు చూశారా, కారణం రాశారా అన్నవే చూస్తారు. అందుకే గెలిచినా చాలాసార్లు వచ్చేది, ‘ఉత్తర్వు కొట్టేశాం, మళ్లీ విని ఫలానా గడువులో తేల్చండి’ అనే తీర్పే. దాని సర్టిఫైడ్ కాపీని మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్ విభాగంలో ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే ‘మాకు అందలేదు’ అంటారు.

కేసు గెలిచేది కాగితాలతోనే. నోటీసును షట్టర్‌కు అంటించిపోతే తేదీ కనిపించేలా ఫొటో తీయాలి. పోస్టులో వస్తే కవరు పారేయకూడదు, జవాబుకు ఎన్ని రోజులిచ్చారో దానిమీది ముద్రే చెబుతుంది. రద్దు ఉత్తర్వు చేతికివ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఫైలు నోట్స్‌తో (ఫైలుపై అధికారులు రాసుకున్న వ్యాఖ్యలతో) సహా అడగొచ్చు, వాళ్లు జవాబివ్వడానికి గడువు 30 రోజులు. షాపు సీలు పడితే మాత్రం అన్నాళ్లు ఆగే పని లేదు. ఉన్న కాగితాలతోనే రిట్ వేసి, ఫైలు తెప్పించమని కోర్టునే కోరాలి.

ఉత్తర్వు నకలు అంత ముఖ్యం ఎందుకంటే, అందులో లేని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో చేర్చి దాన్ని నిలబెట్టుకోలేరని సుప్రీంకోర్టు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. అధికారులు కోర్టుకిచ్చే జవాబు (కౌంటర్)లో కొత్తగా ‘పార్కింగ్ లేదు, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) లేదు’ అని రాసుకొస్తే అదే జవాబు.

చేజేతులా ఓడిపోయేవాళ్లూ ఉన్నారు. వట్టి షోకాజ్ దశలోనే రిట్ వేస్తే ‘ముందు జవాబివ్వండి’ అని పంపేస్తారు. చట్టంలో అప్పీలుంటే అక్కడికే పొమ్మంటారు. అయితే సహజ న్యాయసూత్రాలు (నోటీసిచ్చి, వాదన విని తేల్చడం వంటివి) పాటించకపోయినా, అధికార పరిధి లేకపోయినా ఆ అడ్డు ఉండదని 1998 నాటి సుప్రీంకోర్టు వర్ల్‌పూల్ తీర్పు. పాత నోటీసులు, సివిల్ కోర్టులో వేసిన దావా దాస్తే అసలు విషయంలోకి వెళ్లకుండానే కొట్టేస్తారు. రిట్‌కు చట్టం గడువు పెట్టలేదు గానీ, ఏడాది నిద్రపోయి వస్తే ఆలస్యమే ప్రశ్నవుతుంది.

వీధి వ్యాపారులది వేరే దారి. 2014 చట్టం ప్రకారం వారిని తొలగించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

మున్సిపల్ అధికారులను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. తిరస్కరించినప్పుడు ఏ నిబంధన, జవాబులో ఏ అంశం ఎందుకు చెల్లదు, అప్పీలు ఉంటే ఎవరికి, ఎన్ని రోజుల్లో అన్నవి ఉత్తర్వులోనే రాయాలి. ఈ మూడూ నింపకుండా ‘తిరస్కరణ’ బటన్ పనిచేయకుండా ఆన్‌లైన్ వ్యవస్థను మారిస్తే చాలు.

– ఒక న్యాయవాది, హైదరాబాద్