వార్షిక నివేదిక 2024–25: రెండు ఉగాదులు, రెండు రంజాన్ పండుగలు చూసిన ఏడాది

సభ్యులందరికీ, అద్దెకు ఉంటున్న కుటుంబాలకూ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన అపార్ట్‌మెంట్‌లో ఏం జరిగిందో కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. ఎప్పుడూ ఈ సమావేశం ఆదివారం ఉదయం జరుగుతుంది. ఈసారి ఏప్రిల్ 13 మట్టల ఆదివారం. చర్చికి వెళ్ళే కుటుంబాలు మధ్యాహ్నం దాకా రాలేవు కాబట్టి సాయంత్రానికి మార్చాం. రేపు మలయాళీల విషు, తమిళుల సంవత్సరాది. ఆ ఇళ్ళవాళ్ళకు పండుగ పనులుంటాయి, సభను పొద్దుపోయేదాకా సాగదీయవద్దని అడిగారు. అలాగే చేద్దాం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. లిఫ్టు తీగలు మార్పించాం. సంప్, పైన ట్యాంకులు కడిగించాం. సెల్లార్‌లో గోడ వెంబడి దిగుతున్న తేమను ఆపడానికి రెండుసార్లు పని చేయించినా పూర్తిగా ఆగలేదు, వానలకు ముందే మళ్ళీ మొదలుపెడతాం. జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా ప్రతి ఇంటికీ పంపాం. దాని మీద ప్రశ్నలుంటే కోశాధికారి జవాబిస్తారు.

మిగతా నివేదికంతా ఇరుగుపొరుగు గురించే. కార్యవర్గానికి వచ్చిన ఫిర్యాదుల్లో పైపులు, లిఫ్టు గురించినవి తక్కువ. ఒక ఇంటి మీద ఇంకో ఇల్లు చేసినవే ఎక్కువ. వాటిని విడివిడిగా చూసినప్పుడు ఏమీ అనిపించదు. పాత మినిట్స్ పుస్తకాలు కూడా పక్కన పెట్టుకుని వరసగా చదివితే ఒక విషయం కనబడింది. గొడవ వచ్చిన ప్రతిసారీ "కొంచెం సర్దుకుపోండి" అనే మాట ఒకవైపు వాళ్ళకే వెళ్ళింది. అద్దెకున్నవాళ్ళకు, కొత్తగా వచ్చినవాళ్ళకు, బిల్డింగ్‌లో తమవాళ్ళు తక్కువగా ఉన్నవాళ్ళకు. ఎప్పుడూ ఒకరే సర్దుకుంటుంటే దాన్ని స్నేహం అనలేం. ఈ ఏడాది కార్యవర్గం చేసిన ప్రయత్నమంతా ఆ వంతును పంచడానికే.

ఈ ఆర్థిక సంవత్సరానికి ఒక విశేషం ఉంది. ఇందులో రెండు ఉగాదులు, రెండు రంజాన్ పండుగలు వచ్చాయి. 2024 ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. మళ్ళీ 2025 మార్చి 30న ఉగాది, 31న రంజాన్. చంద్రుడి లెక్కన ఏడాది 354 రోజులు కాబట్టి రంజాన్ ప్రతి సంవత్సరం పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఉగాది కూడా చంద్రుణ్ణి బట్టే వస్తుంది, కానీ కొన్నేళ్ళకొకసారి అధికమాసం వచ్చి దాన్ని మళ్ళీ వెనక్కి నెడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అందుకే ఆ ఏడాది మార్చి 22న ఉన్న ఉగాది మరుసటి ఏడాది ఏప్రిల్ 9కి వెళ్ళి, రంజాన్ పక్కన చేరింది.

2024 ఏప్రిల్‌లో ఈ రెండూ దగ్గరగా వచ్చినప్పుడు మన దగ్గర సవ్యంగా జరగలేదు. ఉగాది సాయంత్రం టెర్రస్ మీద పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు ఆరు గంటలకు మొదలయ్యాయి. బీ బ్లాక్‌లో కొన్ని కుటుంబాలు అదే టెర్రస్ మీద అవతలి మూల ఇఫ్తార్ చేసుకుంటున్నాయి. రంజాన్ నెల మొదటినుంచీ అక్కడే చేసుకుంటున్నాయి. మైకు సౌండ్ తగ్గించమని ఒకరు అడిగారు. ఏడాదికి ఒక్కరోజు పండుగ, తగ్గించేది లేదని ఇంకొకరు అన్నారు. మాట పెరిగింది. మైకు తగ్గలేదు, వాళ్ళే ఇఫ్తార్ సర్దుకుని కిందికి దిగిపోయారు. రెండు రోజుల తర్వాత రంజాన్ నాడు ఎప్పుడూ వచ్చే షీర్ ఖుర్మా గిన్నెలు ఆ ఏడాది కొన్ని ఇళ్ళకు రాలేదు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, కానీ అందరూ గమనించారు.

తర్వాతి నెలల్లో మార్పు తెచ్చింది పండుగలు కావు, నీళ్ళ మోటారు. కార్తీకమాసంలో తెల్లవారకముందే స్నానం చేసి దీపం పెట్టే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. నాలుగింటికి పంపులో నీళ్ళు రావడం లేదని వాళ్ళ ఫిర్యాదు. ఆ వేళకు మోటారు వేస్తే నిద్ర పాడవుతోందని, చిన్నపిల్లలు లేచి ఏడుస్తున్నారని మోటారు గది పక్క ఫ్లాట్ వాళ్ళ ఫిర్యాదు. రెండూ న్యాయమే. పైన ట్యాంకుకు నీటిమట్టం చూపే కొత్త మీటర్ పెట్టించి, రాత్రి పదిలోపే నింపేసే పద్ధతి చేశాం. తెల్లవారుజామున నీళ్ళూ ఉన్నాయి, మోటారు చప్పుడూ లేదు. నవంబర్ అంతా ఇలా నడిచింది. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలైంది కాబట్టి సంక్రాంతి దాకా కొనసాగించాం, ఆ తర్వాతా ఆపలేదు. మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలైనప్పుడు సహర్ కోసం, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం కోసం, నాలుగింటికే లేచే ఇళ్ళవాళ్ళు నీళ్ళ గురించి అడగడానికి వచ్చారు. అడగాల్సిన పని లేకపోయింది, ట్యాంక్ అప్పటికే నిండి ఉంటోంది. కార్తీక స్నానాల కోసం పెట్టిన పద్ధతి రంజాన్ నెలకు పనికొచ్చింది. ఈ ఏడాది మేం చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

సెప్టెంబర్‌లో నగరం నుంచి కూడా ఒక మంచి పాఠం దొరికింది. 2024లో గణేశ్ నిమజ్జనం 17న వచ్చింది, ప్రవక్త జన్మదినమైన మిలాద్ ఉన్ నబీ కూడా ఆ ఒకటి రెండు రోజుల్లోనే వచ్చింది. మిలాద్ ఊరేగింపును నిర్వాహకులు 19కి మార్చుకున్నారు. 2023లో అయితే రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. అప్పుడూ ఊరేగింపును అక్టోబర్ 1కి జరిపారు. హైదరాబాద్ లాంటి మహానగరంలో లక్షలమంది రోడ్డు మీదికొచ్చే రోజులు అవి. అలాంటి రోజుల్లో ఒకరు తేదీ మార్చుకుంటే అది ఎంత పెద్ద మర్యాదో మనం గుర్తుంచుకోవాలి. ఆ మాట మన వినాయక మండపం కమిటీ సమావేశంలో మొదట ఎత్తింది కుర్రాళ్ళు. ఈసారి మండపాన్ని సెల్లార్ దారికి అడ్డంగా కాకుండా గేటు పక్కకు జరిపారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళేవాళ్ళ బండ్లు ఇరుక్కోకుండా ఉండటానికే ఆ మార్పు.

డిసెంబర్ 31 గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి ఏడూ ఆ రాత్రి టెర్రస్ మీద డీజే, మర్నాడు ఫిర్యాదులు మామూలే. ఈసారి నెల ముందే కూర్చున్నాం. యువకులు, పెద్దవాళ్ళు, ఆ రాత్రి ఆరాధనకు చర్చికి వెళ్ళి తెల్లవారుజామున తిరిగొచ్చే కుటుంబాలు అందరూ వచ్చారు. శబ్ద కాలుష్య నియమాలు 2000 కాపీ తెచ్చి చదివాం. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఈ నియమం కేక్ కోసే రాత్రికి ఎంత వర్తిస్తుందో దేవుడి పాటలకూ అంతే వర్తిస్తుందని అక్కడే అనుకున్నాం. అలా అనుకున్నాకే కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. "మా పాటలు మాత్రమే మీకు చప్పుడా" అనేది వాళ్ళ మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట. అందులో న్యాయం ఉంది.

ఇంతలో డిసెంబర్ 26న మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ గారు కన్నుమూశారు. దేశమంతా జనవరి 1 దాకా సంతాప దినాలు. డీజే వద్దని కుర్రాళ్ళే అనేశారు. అంత్యాక్షరి ఆడారు, పన్నెండింటికి కేక్ కోసి పావుగంటలో దిగిపోయారు. చర్చి నుంచి వచ్చేవాళ్ళ కోసం గేటు దగ్గర ఇద్దరు వాలంటీర్లు రెండింటి దాకా కూర్చున్నారు. దాంతో మన వాచ్‌మన్ ఆ రాత్రి పాలమూరులో తన ఇంట్లో ఉండగలిగాడు. మనందరి పండుగలకూ కాపలా కాసే మనిషికి తన పండుగ తన పిల్లలతో జరుపుకునే హక్కు ఉంది. డిసెంబర్ 31తో ఆగకుండా దీన్ని మిగతా పండుగలకూ పెంచాలని నా కోరిక.

ఇక ఈ ఏడాది ఉగాది. మార్చి 30 ఉదయం వాకిట్లో కుండలో పచ్చడి కలిపారు. తెలంగాణ ఇళ్ళవాళ్ళు పలచగా, గ్లాసులో పోసుకుని తాగేలా చేస్తారు. కోస్తా ఇళ్ళవాళ్ళు గట్టిగా, అరచేతిలో పెట్టుకునేలా చేస్తారు. ఏది అసలైనదని ప్రతి ఏడూ వాదన వస్తుంది. ఈసారి రెండూ పెట్టారు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు, మెహదీపట్నం రైతుబజార్ నుంచి మామిడికాయలు తెచ్చినవాళ్ళకు ధన్యవాదాలు. మన మరాఠీ కుటుంబాలకు అదే రోజు గుడి పాడ్వా. అది వాళ్ళ కొత్త సంవత్సరం. వాళ్ళు బాల్కనీలో 'గుడి'ని, అంటే పట్టుబట్ట కట్టి పైన చెంబు బోర్లించిన కర్రను, నిలబెట్టారు.

ఆ రోజు ముస్లిం కుటుంబాలకు 29వ ఉపవాసం, పొద్దున పచ్చడి పుచ్చుకోలేరు. అది గుర్తు పెట్టుకుని ఎ-బ్లాక్ అమ్మలు వాళ్ళ వాటా విడిగా తీసి ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం ఇఫ్తార్ వేళకు పైకి పంపారు. పంచాంగ శ్రవణం ఉదయమే ముగించారు. సాయంత్రం మైకు పెట్టలేదు. ఇఫ్తార్ ఒక కారణం. పదో తరగతి పిల్లలకు ఏప్రిల్ 2న సోషల్ పరీక్ష ఉంది, వాళ్ళు చదువుకోవాలి, అది ఇంకో కారణం. ముందు రోజు అమావాస్య. పాడ్యమి నాడు కొత్త సంవత్సరం మొదలైంది, ఆ సాయంత్రమే నెలవంక కనబడి ఉపవాసాలు ముగిశాయి. విశ్వావసు నామ సంవత్సరం మొదటి రోజే చాంద్ రాత్ అయింది. మర్నాడు షీర్ ఖుర్మా అన్ని ఇళ్ళకూ వచ్చింది. పుచ్చుకోని ఇళ్ళు కొన్ని ఉన్నాయి, అది వాళ్ళ ఆచారం. తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ "మాకు వద్దమ్మా, పండుగ శుభాకాంక్షలు" అని చెప్పారు. ఎవరూ నొచ్చుకోలేదు. మర్యాదగా వద్దనడం కూడా పొరుగువాళ్ళు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాల్సిన విషయమే.

అన్నీ ఇలా కుదరలేదు. జూన్‌లో ఒక ఫ్లాట్ ఖాళీ అయినప్పుడు ఫలానా వాళ్ళకు అద్దెకివ్వొద్దని కొందరు సంతకాలు సేకరించి కార్యవర్గానికి ఇచ్చారు. దాన్ని మేం ఎజెండాలో చేర్చలేదు. నీళ్ళు, లిఫ్టు, సెక్యూరిటీ, ఉమ్మడి స్థలాల నిర్వహణ మన బైలాల్లో ఉన్నాయి. ఎవరి ఇంట్లో ఎవరుండాలి, ఏం వండుకోవాలి, ఎవరికి మొక్కాలి అన్నవి లేవు, ఉండకూడదు కూడా. ఆ కుటుంబం వచ్చింది, ఉంటోంది. సంతకం పెట్టినవాళ్ళలో కొందరు తర్వాత వచ్చి తమ పేరు కొట్టేయించుకున్నారు. మిగతావాళ్ళు అలా చేయలేదు. కొత్తగా వచ్చిన ఆ కుటుంబంతో ఇప్పటికీ మాట్లాడని ఇళ్ళు ఉన్నాయి. మాట్లాడి తీరాలని సంఘం ఎవరినీ బలవంతం చేయలేదు. కానీ ఆ ఇంటి పిల్లలు ఆడుకోవడానికి వస్తే మాత్రం మీ పిల్లలను లోపలికి పిలుచుకోకండి. ఇది కార్యదర్శిగా నేను చేతులు జోడించి చేస్తున్న విన్నపం.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్ళకూ, వాటికి భయపడేవాళ్ళకూ మధ్య గొడవ కూడా తీరలేదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిల్లలు ఆడే చోటుకు, మెట్లకు, గేట్లకు దూరంగా ఒక చోటు చూపించాల్సిన బాధ్యత సంఘానిదే. వెనక గోడ అవతల స్థలం చూశాం. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళతో మాటలు నడుస్తున్నాయి. అప్పటిదాకా పిల్లలు స్కూల్ బస్ ఎక్కే వేళల్లో గేటు దగ్గర పెట్టవద్దని కోరుతున్నాం.

వచ్చే ఏడాది కోసం ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాం. 2026లో ఉగాది మార్చి 19న వస్తుంది, రంజాన్ కూడా ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఉంటుంది. ఆ తర్వాత అధిక జ్యేష్ఠం వల్ల 2027 నాటికి రెండింటి మధ్య దాదాపు నెల తేడా వస్తుంది. అందుకే టెర్రస్ వాడకానికి ప్రతి పండుగకూ నెల ముందే పేరు నమోదు చేసుకునే పుస్తకం ఒకటి ఇప్పుడే మొదలుపెట్టాలని మొదటి ప్రతిపాదన. ఇంటర్, పదో తరగతి పరీక్షలు జరిగే రోజుల్లో ఏ కార్యక్రమానికైనా మైకు ఉండకూడదని రెండోది. వాచ్‌మన్‌కు, పనివాళ్ళకు వాళ్ళు ఎంచుకున్న పండుగ రోజున సెలవు, ఆ రోజు డ్యూటీ సభ్యులే వంతులవారీగా చూసుకోవడం మూడోది.

చివరిది బైలా సవరణ. కార్యవర్గంలో ఒక స్థానం అద్దెకున్న కుటుంబాలకు కేటాయించాలి. మెయింటెనెన్స్ వాళ్ళూ కడుతున్నారు, నియమాలూ పాటిస్తున్నారు, నిర్ణయాలు తీసుకునేటప్పుడు మాత్రం వాళ్ళు గదిలో ఉండరు. సవరణకు ఓనర్ల ఓటు కావాలి. చేతులెత్తి కాకుండా చీటీలతో ఓటు తీసుకుంటాం. చర్చలో అద్దెకున్నవాళ్ళు కూడా మాట్లాడవచ్చు, వాళ్ళకే ముందు అవకాశం ఇస్తాం. చీటీలు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి