పుండుకి జెల్ ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి,

షుగర్ వల్ల మా నాన్నగారి అరికాలికి పుండు పడి నెలలు గడిచినా మానలేదు. ఎవరో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాస్తే చాలన్నారు, మేమూ నమ్మేశాం, డాక్టర్ చూపించేదాకా అసలు తప్పు మాదేనని తెలియలేదు: ఆయన ఆ కాలి మీదే బరువు వేసి నడుస్తూనే ఉన్నారు!

బెకాప్లెర్మిన్ అనే ఈ మందు మన రక్తంలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఒక ప్రోటీన్‌కి ల్యాబ్‌లో తయారుచేసిన రూపం, గాయం దగ్గరికి కణాలను రప్పించి కొత్త కండ పెరిగేలా చేస్తుంది. అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. అప్పటి ఒక పెద్ద పరీక్షలో 20 వారాలకి ఈ జెల్ వాడినవాళ్లలో 50 శాతం మందికి, మందు లేని జెల్ వాడినవాళ్లలో 35 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. అంటే తేడా ఉంది, కానీ అద్భుతమేం కాదు. పైగా వాళ్లందరికీ చచ్చిన కండ తీసేసి, కాలి మీద భారం పడకుండా చూశారు. ఆ పని వదిలేసి ట్యూబు కొనడం దండగ.

కాలికి రక్తం సరిగ్గా అందకపోతే ముందు దాని సంగతి చూడాలి. పుండు దగ్గర క్యాన్సర్ ఉంటే ఇది అసలు రాయకూడదు. పలచగా రోజుకోసారి రాసి, తడి గాజుగుడ్డ కప్పి, దాదాపు 12 గంటల తర్వాత కడిగేయాలి, ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టాలి (మేం కిటికీలో పెట్టాం, అదొక ఘనకార్యం). 10 వారాలకీ పుండు మూడో వంతైనా తగ్గకపోతే, అదే రాసుకుంటూ కూర్చోకుండా మళ్లీ డాక్టర్‌కి చూపించండి.

— ఒక పాఠకురాలు