4కె ముద్ర ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పాత సస్పెన్స్ చిత్రాలను 4కెలో శుభ్రపరిచి ఇంటి తెరలకు తెస్తున్నామన్న ప్రకటనలు ఈ మధ్య మీ సినిమా పేజీలో తరచుగా కనిపిస్తున్నాయి. వాటితో పాటు వచ్చే పరిచయ వ్యాసాలు కథను, పాటలను, నటీనటులను గుర్తు చేస్తున్నాయే తప్ప, ఆ బొమ్మను దేని నుంచి తీశారో, ఎలా శుభ్రం చేశారో చెప్పడం లేదు. హనుమకొండలో చాలా కాలం ఫొటో స్టూడియో నడిపి, నెగెటివ్‌ల మధ్యనే బతికినవాణ్ని కాబట్టి ఈ విషయం మీ దృష్టికి తేవాలనుకున్నాను.

4కె అంటే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మన దేశంలో అమ్మిన డీవీడీల్లో ఉండేవి అడ్డంగా 720, నిలువుగా 576. లెక్క కడితే సరిగ్గా 20 రెట్ల తేడా. నెగెటివ్ దొరకక, ఎప్పుడో టీవీ ప్రసారం కోసం ఎక్కించుకున్న టేపునే సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె అని పేరు పెడితే, ప్రతి 20 చుక్కల్లో 19 యంత్రం ఊహించి పెట్టినవే అవుతాయి. అదే అసలు కెమెరా నెగెటివ్ చెడకుండా ఉండి, దాన్ని మంచి స్కానర్ మీద పెడితే, 35 ఎంఎం ఫిల్మ్‌లో దాగిన వివరం మనం థియేటర్‌లో అరిగిపోయిన ప్రింటు మీద చూసిన దానికన్నా ఎంతో మెరుగ్గా బయటికొస్తుంది. ప్రకటనలో మాత్రం రెండింటికీ పడే ముద్ర ఒకటే.

ఇక శుభ్రం చేయడం సంగతి. ఫిల్మ్ మీద కదలాడే సన్నని రేణువులను చాలామంది మురికి అనుకుంటారు. నిజానికి బొమ్మ తయారయ్యేదే వాటితో. నలుపు తెలుపు ఫిల్మ్‌లో అవి వెండి రేణువులు, కలర్ ఫిల్మ్‌లో కడిగాక వెండి పోయి మిగిలే రంగు మచ్చలు. గీతలు, దుమ్ము, బూజు తుడవాల్సిందే, కాదనను. రేణువులను కూడా తుడిచేస్తే వాటితోపాటే చర్మం మీది గరుకు, చీర నేత, గోడ పెచ్చులు పోతాయి. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోలకు మేము నెగెటివ్ మీద పెన్సిల్‌తో రీటచ్ చేసేవాళ్లం. చెయ్యి కాస్త ఎక్కువైతే ఆ పిల్లను కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు. 1987 నాటి 'ప్రిడేటర్' చిత్రానికి 2010లో వచ్చిన బ్లూ-రే (డీవీడీ కన్నా ఎక్కువ వివరం చూపే) డిస్కు సరిగ్గా ఇలాగే నున్నబారిన ముఖాలతో అపఖ్యాతి పాలైంది.

మొన్న ఒక ఓటీటీలో 1980ల నాటి తెలుగు సస్పెన్స్ చిత్రం చూశాను. పేరు ఇక్కడ అనవసరం. కథానాయిక తలుపు వెనక నక్కి అవతలి గదిలో మాటలు వింటుంటుంది. ఆ దృశ్యంలో మాటలు లేవు, సంగీతం లేదు, ఆమె నుదుటి మీద పట్టిన చెమటే మనల్ని ఊపిరి బిగబట్టేలా చేయాలి. శుభ్రం చేసిన వారు ఆ చెమటను కూడా శుభ్రం చేశారు. జడలోని మల్లెలు విడివిడిగా కనిపించక ఒక తెల్లని ముద్ద మిగిలింది. ఆమె తల తిప్పినప్పుడల్లా వెనక గోడ ఒక క్షణం అలికినట్టై మళ్లీ సర్దుకుంటోంది.

అంతకన్నా నన్ను బాధించింది చీకటి. ఆ రోజుల్లో అడవిలోనో, ఊరి బయటో రాత్రి దృశ్యాలు కావాలంటే అంత లైటింగ్‌కు ఖర్చు భరించలేక, పగటి ఎండలోనే తక్కువ ఎక్స్‌పోజర్‌తోనో (ఫిల్మ్ మీద వెలుతురు తక్కువ పడేలా), ఫిల్టర్‌తోనో తీసి, ల్యాబులో ప్రింటు వేసేటప్పుడు నీలి చీకటిగా మార్చే పద్ధతి ఉండేది. డే ఫర్ నైట్ అనేవారు. అంటే ఆ చీకటిలో సగం నెగెటివ్‌లో ఉండదు, ల్యాబులో గ్రేడింగ్ చేసిన, అంటే ప్రింటులో వెలుతురు, రంగులు సరిచేసిన మనిషి చేతిలో ఉంటుంది. పాత ప్రింటును పక్కన పెట్టుకుని పోల్చకుండా నెగెటివ్‌ను స్కాన్ చేసి, బాగా కనిపించాలని వెలుతురు పెంచితే, హంతకుడు లాంతరు పట్టుకుని పట్టపగలు వెతుకుతూ కనిపిస్తాడు. నేను చూసిన చిత్రంలో జరిగింది అదే, పక్కన కూర్చున్న మా మనవడు, "తాతా, ఎండ ఉంది గదా, లాంతరు ఎందుకు?" అని అడిగాడు. వాడి అనుమానం న్యాయమైనదే. 'క్షణ క్షణం' (1991)లో ఛాయాగ్రాహకులు ఎస్.గోపాల్ రెడ్డి గారు అడవి రాత్రిని ఎంత వెలుతురులో ఉంచారో అంతలోనే ఉండాలి. దాన్ని పెంచే హక్కు ఎవరికీ లేదు.

చట్రం కోయడం మరో బెడద. పాత చదరపు ఆకారపు బొమ్మను నేటి వెడల్పు టీవీకి నిండుగా పరచాలంటే పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు కోయాలి. మరింత వెడల్పుగా తీసిన సినిమాస్కోప్ చిత్రాల గతి ఇంకా హీనం: అలనాటి చదరపు టీవీ కోసం పక్కలు కోసిన టేపునే తెచ్చి, ఇప్పుడు వెడల్పు తెర కోసం పైనా కిందా మళ్లీ కోస్తే, దర్శకుడు తీసిన బొమ్మలో సగం కూడా మిగలదు. ప్రేమకథలో ఈ కోత సహించవచ్చునేమో గానీ, తెర అంచున కదిలే చెయ్యి, తలుపు సందులో పాదం చూపించి భయపెట్టే చిత్రంలో ఆ అంచే లేకపోతే ఇంకేముంది?

ఈ విషయాలపై బయటి దేశాల్లో నడిచిన వాదోపవాదాలు మనకు పనికొస్తాయి. 1971లో వచ్చిన 'ది ఫ్రెంచ్ కనెక్షన్'ను 2009లో బ్లూ-రేగా తెచ్చినప్పుడు దర్శకుడు విలియం ఫ్రీడ్‌కినే దగ్గరుండి రంగులు మార్పించారు. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రాయిజ్‌మన్ అది తాను తీసిన చిత్రమే కాదని బహిరంగంగా అభ్యంతరం చెప్పారు; చివరికి 2012లో రంగులు సరిదిద్దిన డిస్కు వచ్చింది. 1958 నాటి 'వెర్టిగో'కు 1996లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ చేసిన పునరుద్ధరణను అందరూ మెచ్చుకున్నా, కొత్త చప్పుళ్లు కలిపినందుకు వారికీ చీవాట్లు తప్పలేదు. అక్కడ ఇవన్నీ పత్రికల్లో చర్చకు వచ్చాయి, అడిగేవారున్నారు కాబట్టి పని చేసేవారు జాగ్రత్త పడ్డారు.

మన ఇళ్లలో చేయగలిగింది కొద్దే. టీవీలో రంగులు, వెలుతురు పెంచి చూపే వివిడ్ మోడ్ తీసి సినిమా మోడ్ గానీ, ఉంటే ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టుకోవాలి. కదలికలను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేయాలి. నెట్‌లో వచ్చే బొమ్మను డిస్కు కన్నా ఎక్కువగా కుదించి పంపుతారు గనుక చీకటి దృశ్యాల్లో నలుపు మెట్లుమెట్లుగా విరగడం మాత్రం మన చేతిలో లేదు.

తెలుగు చిత్రాల నెగెటివ్‌లు చాలాకాలం మద్రాసు ల్యాబుల్లోనే ఉండేవి. వాటిలో ఎన్ని చెడిపోయాయో హక్కుదారులకే తెలియాలి. నెగెటివ్ లేకపోతే లేదని, టేపు నుంచి తీశామని చెబితే ప్రేక్షకుడు తప్పు పట్టడు. తీసింది నెగెటివ్ నుంచా, ప్రింటు నుంచా, టేపు నుంచా, అసలు చట్రం ఉంచారా, కోశారా అన్న రెండు ముక్కలు చిత్రం మొదట్లో వేయడానికి ఖర్చేమీ కాదు. ఆ కాలపు ఛాయాగ్రాహకులు, వారి సహాయకులు, ల్యాబుల్లో గ్రేడింగ్ చేసినవారు కొందరైనా ఇంకా మన మధ్య ఉన్నారు. విడుదలకు ముందు వారిని కూర్చోబెట్టి చూపించాలని హక్కుదారులను, చూపించారా లేదా అని పరిచయ వ్యాసం రాసే ముందు అడగాలని మీ సినిమా పేజీ వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత ఫొటోగ్రాఫర్,
హనుమకొండ