‘ట్రాటర్ నామా’లో పిట్టకథలు

సంపాదకులకు నమస్కారం.

అలన్ సీలీ ఆంగ్లంలో రాసిన ‘ద ట్రాటర్ నామా’ నవలపై మీ సాహిత్య పేజీలో కొన్ని వారాలుగా వస్తున్న ఉత్తరాలను వరుసగా చదువుతున్నాను. భీమవరం పాఠకురాలు దీన్ని గొప్ప వంశచరిత్ర అన్నారు. వంటల వివరాలూ, ఉత్తరాలూ, ఎటో వెళ్లిపోయే పిట్టకథలూ తీసేస్తే సగం పుస్తకం కూడా మిగలదని కాకినాడ పాఠకుడు తేల్చేశారు. ఆంగ్లో ఇండియన్లను, అంటే యూరోపియన్ తండ్రుల వంశంలో ఇక్కడ పుట్టి పెరిగినవారిని, వెక్కిరించడానికే రాసినట్టుందనీ, అసలిది మన నవల కాదనీ అమలాపురం పాఠకుడు నొచ్చుకున్నారు. ముగ్గురూ శ్రద్ధగా చదివినవారే కానీ, పుస్తకం పేరులోని ‘నామా’ (పారశీకంలో గ్రంథం, చరిత్ర) అన్న మాట దగ్గర ఒక్కరూ ఆగలేదు.

1988లో వెలువడి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ నవల ట్రాటర్లు అనే ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఏడు తరాల కథ. లక్నో పేరును అటూ ఇటూ మార్చి ‘నఖ్లవ్’ అని పిలిచిన ఊళ్లో ఇది నడుస్తుంది. అవధ్ నవాబు కొలువులో అపారంగా గడించి 1800లో మరణించిన ఫ్రెంచి సైనికుడు క్లాడ్ మార్టిన్ ఛాయలు మూలపురుషుడిలో స్పష్టంగా కనిపిస్తాయి. మార్టిన్ ఆస్తితో వెలసిన లక్నో పాఠశాలలోనే సీలీ చదువుకున్నారు. బాబర్ నామా, అక్బర్ నామా వంటి మొఘలు చరిత్రల పేరు పెట్టుకున్న పుస్తకంలో ముక్కుసూటి కథను వెతకడం దండగ. మనకు దీనికి దగ్గరి చుట్టం కైఫీయతు, అంటే ఊరి చరిత్ర రాసిన దస్త్రం. కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం మన ఏలూరు కావలి సోదరులు ఊరూరా సేకరింపజేసిన ఆ కైఫీయతుల్లో గ్రామం పుట్టుక, గుడి మాన్యం, దాయాదుల తగువు, కలలో కనిపించిన దేవత అన్నీ ఒకే వరుసలో సాగిపోతాయి. వాటిలో కథ ఎక్కడుందని ఎవరూ అడగరు. హరికథలో దాసుగారు పిట్టకథ ఎత్తుకుంటే సర్దుకుని కూర్చునే మనం, నవల దగ్గరకు వచ్చేసరికి గడియారం ఎందుకు చూసుకుంటామో నాకు అర్థం కాదు.

భారతీయ తల్లులకు పుట్టిన కొడుకులకు సివిల్, సైనిక, నౌకా కొలువులు ఇవ్వరాదని 1791లో ఈస్టిండియా కంపెనీ ఆజ్ఞ జారీ చేసింది. అటుపైన ఆ కుటుంబాలకు గుమాస్తా బల్ల, తంతి కార్యాలయం, రైలు ఇంజను మిగిలాయి. వారికోసం దస్త్రం రాసిపెట్టే కరణం ఎవరూ లేరు. అందుకే ఈ నవలలో కథ చెప్పే ఏడో ట్రాటరు పాతకాలపు చిత్రాలకు నకిలీలు గీసి బతికేవాడు కావడం నాకు వెక్కిరింతగా తోచలేదు. దస్త్రం లేని వంశానికి దస్త్రం సృష్టించుకోవడం తప్ప దారేముంది? పైగా సీలీ ఆ సమాజంలోనే పుట్టినవారు. తమవాళ్ల మీద తాము వేసుకునే హాస్యానికీ, బయటివాడు చేసే ఎగతాళికీ మన గోదావరి జిల్లాల వారికి తేడా చెప్పాలా?

ఇక వంటలు. మన రాజ్యాంగం 366వ అధికరణంలో ఆంగ్లో ఇండియన్‌ను నిర్వచిస్తూ తండ్రినో, పితృవంశంలోని మరో పురుషుణ్నో చూసింది. తల్లి ఊసు లేదు. నవలలోనూ ఇంటిపేరు తండ్రులదే. తల్లుల వైపు నుంచి వచ్చింది ఏమిటని అడిగితే, అది వంటింట్లోనే దొరుకుతుందని నేనంటాను. నా చిన్నతనంలో రాజమండ్రి రైల్వే క్వార్టర్లలో మా మేనమామ పక్కింట ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఉండేది. వారింటి నుంచి ‘పెప్పర్ వాటర్’ అంటూ గిన్నె వస్తే మా అత్తయ్య మూత తీసి వాసన చూసి, “ఇది మన మిరియాల చారే కదే!” అనేది. కాకినాడ పాఠకుడు కొట్టేయమంటున్న పేజీల్లో నాకు ఆ చారు వాసనే వచ్చింది.

నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు, పాలకొల్లులో ఒలందావారు (డచ్చివారు), యానాంలో పరాసువారు (ఫ్రెంచివారు) వర్తకశాలలు నడిపారు. మాధవాయపాలెంలో నేసిన గుడ్డ ‘మడపోలం’ అనే పేరుతో సీమకు వెళ్లిన సంగతి మనకు తెలుసు. ఆ కొఠీల చుట్టూ పుట్టిన పిల్లల సంగతి మనం ఎప్పుడూ అడగలేదు. ఈ నవల మనది కాదన్న అమలాపురం పాఠకుడితో నేను ఏకీభవించలేకపోవడానికి ఇదే కారణం. మరొక సవరణ: ఆంగ్లో ఇండియన్లకు లోక్‌సభలో ఇప్పటికీ రెండు నామినేటెడ్ స్థానాలున్నాయని ఆయన రాశారు. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి నుంచి అవి లేవు.

నేనూ మొదటిసారి రెండు వందల పేజీలకే పుస్తకం మూసేసినవాణ్నే కాబట్టి, ఇందులో లోపం లేదనను. మొదటి తరాల మీద పెట్టిన ప్రేమ ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి పలచబడింది. మనుషులు వచ్చి పేరు చెప్పి వెళ్లిపోతున్నట్టుంటుంది. ఆ భాగంలో మటుకు కాకినాడ పాఠకుడి కత్తెరకు నేను అడ్డు చెప్పను.

ఇట్లు,
విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
పాలకొల్లు.